ఆగాల్సిన చోటు

వీర్రాజు బ్యాటరీ టెర్మినళ్లను వైరు బ్రష్షుతో తోముతున్నాడు. తోమడానికి వాటి మీద ఏమీ లేదు. నిన్న తోమాడు, మొన్న తోమాడు, సీసం కొత్త గిన్నెలా మెరుస్తోంది. అయినా చేతిలో బ్రష్షు దాని పాటికది ఆడుతూనే ఉంది. తోమడం అయ్యాక నట్లు బిగించాడు. రంపం బండిని లాగే గొలుసు కింద వేలు పెట్టి పైకెత్తి చూశాడు. ఎంత ఊగాలో అంతే ఊగింది. పాత బనీను గుడ్డను డీజిలులో ముంచి పట్టాలు రెండూ ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచాడు. చక్రాల సందుల్లో ఇరుక్కున్న రంపపు పొట్టును స్క్రూడ్రైవరు మొనతో కెలికి తీశాడు. ఇంత చాకిరీ దేనికయ్యా అంటే, ఆ దుంగల కోత మిషన్లో చెడిపోయిన ఒక్క భాగం జోలికి పోకుండా ఉండడానికి.

ఆ భాగం అతని కళ్లెదుటే ఉంది. ప్యానెల్ మీద స్క్రూలతో బిగించిన చిన్న పెట్టె, దాని మీద నల్లటి నాబ్. మన ఇళ్లల్లో ఫ్యాను రెగ్యులేటర్ ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది కాబట్టి వీర్రాజు దాన్ని రెగ్యులేటర్ అనే అంటాడు. యార్డు యజమాని వాల్టర్ దానికి ఏదో పెద్ద పేరే చెప్పాడుగానీ అది వీర్రాజు నోటికి తిరగలేదు.

ఆ యార్డు కెనడాలో సస్కటూన్ ఊరు దాటి హైవే పక్కన ఉంది. చుట్టూ ఎటు చూసినా నేల పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. గోధుమ కోతలు అయిపోయాయి. చలిగాలి ఆపడానికి ఎప్పుడో తాతల నాడు పొలాల గట్ల మీద వరసగా నాటిన చెట్లు ఇప్పుడు ముసలివై ఎండిపోతుంటే రైతులు వాటిని కొట్టించి వాల్టర్‌కి కబురు పెడతారు. వాల్టర్ కోత మిషన్‌ను ట్రక్కు వెనక తగిలించుకుని ఏ పొలానికి కావాలంటే ఆ పొలానికి తీసుకుపోతాడు. ఆ పని లేని రోజున దుంగల్నే యార్డుకి తెస్తాడు.

కోత మిషన్ అంటే పెద్ద హంగామా ఏమీ ఉండదు. చక్రాల మీద పొడవాటి ఇనుప మంచం, ఆ మంచం మీద దుంగ. దుంగను ఎత్తడం, దొర్లించడం, కదలకుండా నొక్కిపెట్టడం ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ఇనుప చేతులు చూసుకుంటాయి. రంపం బిగించిన బండిని మాత్రం ఒక చిన్న మోటారు పట్టాల మీద ముందుకు లాగుతుంది. బండి నడిచినంత మేరా దుంగ పలకగా తెగుతూ పోతుంది. ఆ నడక ఎంత జోరుగా ఉండాలో చెప్పేది రెగ్యులేటర్. మెత్తటి చోట తొందరగా, కొమ్మ మొలిచి ముడి పడిన చోట మెల్లగా. చెప్పుకోవడానికి ఒక్క ముక్క, చేతికి పట్టుబడడానికి మాత్రం ఒక చలికాలం పడుతుంది.

ఈ రెగ్యులేటర్‌కి పోయిన చలికాలం మొదట్లో తిక్క పుట్టింది. సగం వరకు తిప్పితే బండి బుద్ధిగా నడిచేది. సగానికి రాగానే ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగినట్టు ఆగిపోయేది. కాసేపటికి దానంతటదే కదిలేది. ఇంకొకరైతే విసుక్కుని నాలుగు తిట్లు తిట్టేవారు. వీర్రాజు తిట్టలేదు. బండి ఆగినప్పుడల్లా అతనూ ఆగేవాడు. పెదాలు కదిపీ కదపకుండా "ఊఁ, సరేలే" అనేవాడు. అప్పుడు బండి కదిలేది. ఆ మాట ఎవరితో అంటున్నాడో అతనికి తెలుసు.

ఝాన్సీలక్ష్మి అతని భార్య. కొవ్వూరులో ప్రైవేటు స్కూలు టీచరుగా పనిచేసింది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ సందులోకి తొంగిచూసినా కెనడా బోర్డు పెట్టిన కన్సల్టెన్సీ కనిపించేది. పిల్లలే కాదు, మొగుడూ పెళ్లాలు కూడా వెళ్లొచ్చని అక్కడ చెప్పారు. ఒకరు స్టూడెంట్, రెండోవారికి స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్. ఇంగ్లీషు వచ్చింది ఆమెకి కాబట్టి ఆమె స్టూడెంట్ అయింది. ఎరువుల కొట్లో గుమాస్తా వీర్రాజు స్పౌజ్ అయ్యాడు. ఆమె చదువు పూర్తయి ఉద్యోగం రాగానే కూతురు చిన్నుని తెచ్చుకోవాలని, అంతవరకు నిడదవోలులో ఆమె అక్కగారింట్లో ఉంచాలని అనుకున్నారు. సస్కటూన్ బస్సెక్కితే ఏదో ఒక సీటులోంచి తెలుగు వినిపిస్తూనే ఉండేది. కాలేజీలో తోటి పిల్లలు మొదట్లో ఆమెని అక్కా అన్నారు, అసైన్‌మెంట్లు ఆమె చేత రాయించుకోవడం మొదలయ్యాక ఆంటీ అన్నారు.

శనివారాలు ఆమె ఈ యార్డులో పని చెయ్యడానికి వచ్చేది. దుంగల దగ్గర వీర్రాజు, ప్యానెల్ దగ్గర ఝాన్సీ. వెనక బెంచీలో గుసగుసలాడింది ఎవరో తిరిగి చూడకుండా చెప్పగల చెవి ఆమెది. రంపం గొంతు ఒక్క పిసరు బరువెక్కితే చాలు, ముడి దగ్గరికొచ్చిందని పసిగట్టి రెగ్యులేటర్ తగ్గించేది. "మెల్లగా... మెల్లగా. కంగారేంటి నీకు," అని అనేది. ఆ మాట మిషన్‌తోనో మొగుడితోనో వీర్రాజుకి ఎన్నడూ తేలలేదు. రెండింటికీ సరిపోయే మాటే.

దసరాకి ఆయుధపూజ చెయ్యాలని పట్టుబట్టింది. "కూడు పెడుతున్నదానికి బొట్టయినా పెట్టకపోతే ఎలాగండీ," అంది. ఇంజనుకి పసుపు రాసింది, ఇనుప చేతులకు బొట్లు పెట్టింది, నాబ్‌కి కూడా పసుపు పూసి కుంకం అద్దింది. వాల్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఇండియన్ స్టోరులో కొన్న కొబ్బరికాయను ప్యానెల్ పక్కనున్న ఇనుప గూటానికేసి కొట్టింది. ఒక్క దెబ్బకే పగిలి నీళ్లు అందరి మీదా చిందాయి. వాల్టర్ మీసాల మీద కూడా పడ్డాయి. ఆమె నవ్వాపుకోలేక కోటు చేతితో ప్యానెల్ అంతా తుడిచేసింది.

దీపావళి వెళ్లిన కొద్ది రోజులకు కాలేజీకి వెళ్తుంటే, హైవే మీద కంటికి కనపడని మంచు మీద కారు జారింది. ఆమె చనిపోయింది. ఇంతకు మించి వీర్రాజు ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు.

దహనం సస్కటూన్‌లోనే అయింది. అస్థికలు గోదావరిలోనే కలపాలని అతని పట్టుదల. కలపడానికి వెళ్లే దాకా వాటిని ఎక్కడ ఉంచాలన్నది చిక్కొచ్చి పడింది. అతను ఉండేది బేస్‌మెంట్‌లో, స్టూడెంట్లతో కలిసి. పాపం వాళ్లు మంచివాళ్లే, ఆ వారమంతా అతనికి అన్నం వండిపెట్టారు. కానీ ఒకడు తల వంచుకుని, "అంకుల్, అస్థికలు ఇంట్లో పెట్టకూడదంట కదా, ఫోన్లో మా అమ్మ భయపడుతోంది," అన్నాడు. వీర్రాజుకి కోపం రాలేదు. వాళ్లమ్మ చెప్పింది నిజమే. అదే ఊళ్లో అయితే చెట్టుకి కట్టేవాళ్లు. ఇక్కడ ఏ చెట్టుకి కడతాడు? సంగతి విన్న వాల్టర్, ఎందుకు ఏమిటి అని అడక్కుండా షెడ్డులో కిటికీ పక్కనున్న అర ఖాళీ చేసి ఇచ్చాడు.

రెగ్యులేటర్ ఆగడం మొదలైంది ఆ నెలలోనే. అదీ ఎక్కడ? ప్రతి దుంగకీ నడిమధ్య. దుంగ అంచున మెల్లగా మొదలుపెట్టి నడిమికొచ్చేసరికి నాబ్‌ను సగానికి తిప్పడం అతనికి అలవాటు కాబట్టి అక్కడ ఆగుతోందని వీర్రాజుకి తెలుసు. తెలియడం వేరు, మనసుకి పట్టడం వేరు. వేసవి మధ్యాహ్నాల్లో ఎండకు కాగిన ప్యానెల్ దగ్గర కొబ్బరినూనె వాసన వచ్చేది. ఝాన్సీ తలకి రాసుకునే నూనె వాసన. వీర్రాజు అన్నం డబ్బా తెచ్చుకుని ఆ ప్యానెల్ పక్కనే కూర్చుని తినేవాడు. యార్డులో బల్లా కుర్చీ ఉన్నా అటు పోయేవాడు కాదు.

వసంతంలోనే వాల్టర్ కొత్త రెగ్యులేటర్ తెప్పించాడు. ఆ ప్యాకెట్టు షెడ్డులో అస్థికల పెట్టె పక్కనే ఉంది. మార్చావా అని అడిగినప్పుడల్లా వీర్రాజు ఒకసారి గొలుసు వదులైందన్నాడు, ఒకసారి బ్యాటరీ అన్నాడు, ఒకసారి పట్టాలకి చెట్టు జిగురు పట్టిందన్నాడు. చెప్పినవన్నీ బాగుచేశాడు కూడా. ఆ మిషన్‌కి అంత సేవ ఎన్నడూ జరగలేదు. కొన్నాళ్లకి వాల్టర్ అడగడం మానేశాడు.

ఇవాళ వీర్రాజుకి ఆఖరి రోజు. పర్మిట్ అయిపోవస్తోంది. కాగితాలు పెట్టి ఉంచుకుంటానని వాల్టర్ అన్నాడుగానీ వీర్రాజే వద్దన్నాడు. మొదట్లో చిన్ను వీడియో కాల్‌లో "ఎప్పుడొస్తావు నాన్నా" అని అడిగేది. ఈమధ్య అడగడం లేదు. ఆ అడక్కపోవడమే అతన్ని లేవదీసింది. రేపు ఫ్లైటు. పొద్దున బస్సు ఆఖరి స్టాపు దగ్గర అతన్ని ట్రక్కులో ఎక్కించుకున్న వాల్టర్ దారిలో ఒక్క మాటే చెప్పాడు. కొత్తగా చేరిన అమ్మాయి ఇవాళ నుంచి మిషన్ నడుపుతుంది, నువ్వు వెళ్లేలోగా ఆ పార్టు మార్చిపెట్టు అని. వీర్రాజు తలూపాడు. వాల్టర్ అతన్ని దింపి, పలకలు వేసుకుని ఏదో పొలానికి వెళ్లిపోయాడు.

ఆ కొత్త అమ్మాయి కారు గేటులోకి వచ్చింది. పేరు కావ్యశ్రీ. జగిత్యాల వైపు పిల్ల. కాలేజీ అయిపోయి, ఆఫీసు జాబ్‌లకి అప్లై చేసి చేసి, జాబ్ వచ్చేదాకా ఇది చేద్దామని చేరింది. ఎవరిదో వేసుకొచ్చిన కోటులో చేతులు కనపడ్డం లేదు.

"జడ కాలరు లోపలికి దోపుకోమ్మా. అన్నిటికంటే ముందు అది," అన్నాడు వీర్రాజు.

"దోపిన అంకుల్. నిన్ననే వీడియోలు గూడ చూసిన."

చురుకైన పిల్ల. ఏ హ్యాండిల్ లాగితే ఏ ఇనుప చెయ్యి లేస్తుందో ఒకసారి చూపిస్తే పట్టేసింది. దుంగను ఎత్తింది, దొర్లించింది, నొక్కిపెట్టింది. మొదటి రెండు పలకలు వీర్రాజు కోసి చూపించాడు. అప్పుడు రెగ్యులేటర్ మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, నడిమికొచ్చేసరికి ఇక్కడ ఆగుద్ది. ఆగిందని కంగారుపడి తిప్పేయకు. కాసేపలా ఉండు. రెండు మాటలు చెప్పు. అదే కదులుద్ది."

కావ్యశ్రీ అతని ముఖంలోకి చూసింది. ఆటపట్టిస్తున్నాడేమో అనుకుంది.

"ఏం మాటలు చెప్పాలె అంకుల్?"

"ఏదోటి."

"తెలుగులనా, ఇంగ్లీష్‌లనా?"

వీర్రాజుకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. "తెలుగులోనేనమ్మా. దానికి ఇంగ్లీషు రాదు."

"అది ఖరాబైనట్టే గద అంకుల్. మార్చేస్తే అయిపోతది గద."

"మారుద్దాంలే. సాయంత్రంలోగా మారుస్తాను," అన్నాడు. అంటూనే అటు తిరిగి దుంగల గుట్ట వైపు నడిచాడు.

సాయంత్రం దాకా ఎందుకో అతనికే సరిగ్గా తెలీదు. ఇవాళ ఒక్క రోజే కదా అనుకున్నాడు. ఇంకో నాలుగు దుంగలు, ఇంకో నాలుగుసార్లు ఝాన్సీ ఆపితే విందామనుకున్నాడు. ఇవాళ ప్యానెల్ పక్కన నిలబడేది తను కాదన్న సంగతి మాత్రం అతని బుర్రకి తట్టలేదు.

కావ్యశ్రీ మంచం మీదికి ఎత్తింది పాత ఎల్మ్ చెట్టు దుంగ. నిండా ముడులు. రంపం అంచును అందుకుంది. బండి మెల్లగా నడిచింది. ఆమె నాబ్ తిప్పుకుంటూ సగానికి వచ్చింది. బండి ఆగింది. వీర్రాజు అవతలి చివర తెగిన బెరడు పక్కకి లాగుతూ తలెత్తి చూశాడు. ఆ పిల్ల కదలకుండా నిలబడింది. పెదాలు కదిలాయి. ఏదో చెబుతోంది. మళ్లీ చెప్పింది. బండి కదల్లేదు. అలా ఎంతసేపు నిలబడతారు ఎవరైనా? నాబ్ ఇంకాస్త తిప్పింది. ఇంకాస్త తిప్పింది.

బండి ఒక్క ఉరుకు ఉరికింది. ఎదుట ముడి ఉంది. రంపం పెద్దగా అరిచి, ఫెళ్లుమని తెగింది.

వీర్రాజు ఎలా పరిగెత్తాడో, ఇంజను ఎప్పుడు కట్టేశాడో అతనికి గుర్తు లేదు. కావ్యశ్రీ రంపపు పొట్టు గుట్ట మీద వెనక్కి కూలబడి ఉంది. ముఖం సున్నంలా పాలిపోయింది. దెబ్బ తగల్లేదు. చేతులు రెండూ విప్పి చూసుకుంటోంది. తెగిన బ్లేడు కొస ఒకటి కవచం సందులోంచి బయటికి వచ్చి ప్యానెల్ అంచుకి కొట్టుకుంది. అక్కడ రంగు లేచిపోయి కొత్త ఇనుము మెరుస్తోంది. నాబ్‌కి అది జానెడు దూరం కూడా లేదు. కాసేపటి క్రితం ఆ నాబ్ మీద ఉన్నది ఈ పిల్ల చెయ్యి.

"నేను ఆగిన అంకుల్," అంది కావ్యశ్రీ. "మీరు చెప్పినట్టే ఆగిన. మాటలు గూడ చెప్పిన."

వీర్రాజు ఆమె పక్కనే పొట్టులో కూర్చున్నాడు. సిగ్గుతో అతని తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తనకొచ్చిన దుఃఖాన్ని మిషన్ నడిపే పద్ధతిలాగా ఈ పిల్లకి నేర్పాడు. పాఠం ఒప్పజెప్పినట్టు నమ్మి చేసింది. జగిత్యాలలో ఈమెకీ ఒక తల్లి ఉంటుంది, ఆమెకీ ఒక ఫోన్ వచ్చేది. ఝాన్సీయే ఇక్కడుంటే తనను బెంచీ ఎక్కించి నిలబెట్టేది.

"తప్పు నీది కాదమ్మా. నాది," అన్నాడు చివరికి. "లే. మంచినీళ్లు తాగు. ఇప్పుడే మార్చేస్తాను."

షెడ్డులోకి వెళ్లాడు. అరలో తెల్లగుడ్డ చుట్టిన పెట్టె, పక్కన కొత్త ప్యాకెట్టు. రెండింటి మీదా సన్నటి పొట్టు పేరుకుంది. వీర్రాజు ప్యాకెట్టు అందుకుని, చేత్తో దులిపి, పెట్టె వైపు తిరిగాడు. "తీసేస్తున్నానే," అన్నాడు మెల్లగా. ఎప్పుడూ ఏ పని చేసినా ఆమెకి చెప్పి చేయడం అలవాటు. పెళ్లయిన కొత్తలో చొక్కా రంగు కూడా ఆమెని అడిగే కొనుక్కున్నాడు.

ముందు బ్యాటరీ వైరు ఊడదీశాడు. స్క్రూలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరిది తుప్పు పట్టి మొరాయించింది, దానికి నూనె చుక్క వేసి కాసేపు ఆగాల్సి వచ్చింది. మూత లేవగానే గుప్పున వాసన కొట్టింది. కొబ్బరి వాసన. కనరెక్కిన, పాతబడ్డ కొబ్బరి.

కావ్యశ్రీ కూడా వచ్చి వంగి చూసింది. పెట్టె లోపల అంతా గోధుమ రంగు పొర, ఎండిన పాకంలాగ. రెగ్యులేటర్ కడ్డీ చుట్టూ పచ్చటి చిలుం. ఆ చిలుం మీద అక్కడక్కడ కుంకం ఎర్రగా అంటుకుని ఉంది, పసుపు చారలు కట్టి ఉంది. మూలన గోరంత తునక ఒకటి, ఎండి నల్లబడి ముడుచుకుపోయింది.

"ఇదేంది అంకుల్, కొబ్బరా?"

"కొబ్బరేనమ్మా. దసరాకి మా ఆవిడ ఇక్కడే కొట్టింది. నీళ్లు లోపలికి పోయినట్టున్నాయి."

కావ్యశ్రీ కాస్త తేరుకుంది. "మా డాడీ గూడ గిట్లనే చేసిండు. కొత్త ట్రాక్టర్ తెచ్చినప్పుడు దాని మీదనే కాయ కొట్టిండు. నీళ్లన్నీ స్టార్టర్‌ల పడ్డయ్. వారం దాక స్టార్ట్ కాలే. మెకానిక్ వచ్చి ఒకటే నవ్వుడు."

వీర్రాజుకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూడలేదు, అక్కడే ఆ పెట్టె మీదికి వంగి ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఆమె వచ్చి చొక్కా పట్టుకుని ఆపుతోందనుకున్నాడు. మెల్లగా, కంగారేంటి అంటోందనుకున్నాడు. ఆ నూనె వాసన ఆమె జడదనుకున్నాడు. చూడబోతే కొబ్బరినీళ్లు. సగం దగ్గర చిలుం పట్టి కరెంటు అందక బండి ఆగింది. అంతే. దయ్యం కాదు, ఆత్మ కాదు. అలాగని ఆమె కాదని అనడానికీ లేదు. కాయ కొట్టింది ఆమె చెయ్యే. కూడు పెట్టేదానికి బొట్టు పెట్టాలని ముచ్చటపడింది ఆమే. తన మీదున్న ప్రేమ కొద్దీ ఆమె చేసిన పొరపాటు ఇన్నాళ్లూ తనతో మాట్లాడింది. ఇవాళ ఇంకొకరి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. ఇక చాలు.

కావ్యశ్రీ పక్కనే నిలబడి స్క్రూలు తన అరచేతిలో పట్టుకుంది.

ఏ వైరు ఏ కాలికి ఉందో చూసుకుని పాతది ఊడదీశాడు. పెట్టె లోపల గుడ్డతో తుడిచాడు. కొబ్బరి తునకను పారేయబోయి, పారేయలేక, చొక్కా జేబులో వేసుకున్నాడు. కొత్తది బిగించి, వైర్లు కలిపి, ఈసారి మూత అంచు చుట్టూ నీళ్లు పోకుండా రబ్బరు అతికించాడు. పాత రెగ్యులేటర్ నుంచి నాబ్ లాగితే ఊడి వచ్చింది. దాని గాట్లలో కుంకం ఇంకా ఉంది. దాన్నీ జేబులో వేసుకున్నాడు. కొత్త బ్లేడు ఎక్కించి, బిగువు చూసి, బ్యాటరీ కలిపాడు.

"నువ్వే నడుపు," అన్నాడు.

"భయమైతాంది అంకుల్."

"నేను ఎదురుగా ఉంటాను. నన్ను చూసుకుంటా నడుపు."

అతను మంచం పక్కన, దుంగ నడిమికి ఎదురుగా నిలబడ్డాడు. బండి కదిలింది. రంపపు పొట్టు పసుపు జల్లులా కింద పడుతోంది. కావ్యశ్రీ నాబ్ తిప్పుకుంటూ వస్తోంది. నడిమి దగ్గరపడింది. అలవాటు కొద్దీ వీర్రాజు ఊపిరి బిగబట్టాడు. పెదాలు విడివడ్డాయి. "ఊఁ, సరే..." అనేశాడు కూడా.

బండి ఆగలేదు. ఆగాల్సిన చోటు దాటి సాఫీగా, ఏమీ ఎరగనట్టు ముందుకు వెళ్లిపోయింది. అనేసిన మాట అతని నోట్లోనే ఉండిపోయింది. హైవే మీద ఆమె పోయిన రోజున కూడా అతనికి ఇంత ఖాళీగా అనిపించలేదు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు, చెయ్యాల్సిన పనులున్నాయి. ఇప్పుడు నడిచిపోతున్న బండి, తెగుతున్న దుంగ తప్ప ఇంకేమీ లేవు.

అంతలో రంపం గొంతు కొంచెం బరువెక్కింది. ముడి వస్తోంది. కావ్యశ్రీ కనిపెట్టలేదు. వీర్రాజు చెవి కనిపెట్టింది.

"మెల్లగా," అన్నాడు గట్టిగా. "మెల్లగా... మెల్లగా. కంగారేంటి నీకు."

కావ్యశ్రీ నాబ్ తగ్గించింది. బండి మెత్తగా నెమ్మదించి, ముడిని నమిలినట్టు కోసుకుంటూ అవతలికి నడిచింది. ఆ మాట తన నోట వచ్చిందని వీర్రాజుకి కాసేపటికిగానీ తెలియలేదు. తెలిశాక, ఆ రోజుల్లో ఝాన్సీ ఆ మాట మిషన్‌తో కాదు, తనతోనే అన్నదని కూడా తెలిసింది.

ఇక ఆ మధ్యాహ్నమంతా మామూలుగా గడిచింది. ఎల్మ్ అయిపోయింది, తర్వాత స్ప్రూస్ దుంగ ఎక్కించారు. పై నుంచి పెద్దబాతులు అరుచుకుంటూ దక్షిణానికి పోయాయి. అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు వీర్రాజు బల్ల దగ్గరే కూర్చున్నాడు. కావ్యశ్రీ తెచ్చిన పచ్చిపులుసు కాస్త పోయించుకుని, చింతపండు ఎక్కువైందని వంక పెట్టాడు. "మీ గోదావరోళ్ల లెక్క బెల్లం వెయ్యం అంకుల్," అంది ఆ పిల్ల.

పొద్దు వాలుతుండగా వాల్టర్ వచ్చాడు. ప్యానెల్ మీద రంగు లేచిన చోటు చూశాడు. కొత్త నాబ్ చూశాడు. దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, వీర్రాజు భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపటికి, ఆ కొబ్బరినీళ్లు ఆ రోజు తన మీసాలకీ పడ్డాయి, తియ్యగా ఉన్నాయి అన్నాడు. వీర్రాజుకి ఆ ఇంగ్లీషంతా అర్థమైంది.

పెట్టె తెచ్చుకోవడానికి వీర్రాజు షెడ్డులోకి వెళ్లాడు. చేతి తొడుగులు విప్పి, రెండు చేతులతో అస్థికల పెట్టెను అర మీద నుంచి ఎత్తుకున్నాడు. చిన్న పెట్టే. ఎత్తుకున్నప్పుడల్లా అది అతను అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. అది ఉన్నంత మేరా అర చెక్క శుభ్రంగా ఉంది, దాని చుట్టూ పొట్టు గీత గీసినట్టు పేరుకుని ఉంది. వీర్రాజు ఆ చోటు వైపు చూశాడు. మనిషి తనతో వస్తోంది. ఇక్కడ ఆమె పనిచేసిన చోటు ఇంత ఖాళీగా వదిలి వెళ్లడం అతనికి ఇష్టం లేకపోయింది. పెట్టెను గుండెకి ఆనించుకుని, ఒక చేత్తో జేబులో వెతికాడు.

బయటికి వచ్చేసరికి కావ్యశ్రీ ట్రక్కు దగ్గర నిలబడి ఉంది. పెట్టె చూసి, గుడి ముందు చెప్పులు విడిచినట్టు గబగబా చేతి తొడుగులు విప్పి దణ్ణం పెట్టింది.

"అంకుల్, దసరా వస్తాంది గద. మిషన్‌కి పూజ చెయ్యాల్నా?"

వీర్రాజు ట్రక్కు ఎక్కి పెట్టెను ఒళ్లో సర్దుకున్నాడు.

"చెయ్యమ్మా. పసుపు రాయి, బొట్టు పెట్టు. కొబ్బరికాయ మాత్రం దూరంగా కొట్టు."

ట్రక్కు గేటు దాటి హైవే ఎక్కింది. ఆ చదును నేల మీద అది చాలాసేపు కనిపించింది. కావ్యశ్రీ పట్టాలు తుడిచి, ఇంజను మీద గుడ్డ కప్పి, షెడ్డు తలుపు వెయ్యడానికి వెళ్లింది. కిటికీ పక్క అరలో, పొట్టు పడని ఆ నలుచదరపు చోట ఒక నల్లటి నాబ్ ఉంది. దాని గాట్లలో కుంకం ఇంకా ఎర్రగానే ఉంది.